పేటెంటు పేరుతో బెదిరింపు దావాలు



పొలం గట్టు తగాదా మనకు కొత్త కాదు. నీటి వంతు తగాదా అంతకన్నా కొత్త కాదు. అయితే ఆ తగాదాల్లో గట్టు ఎంత జరిగిందో కళ్లతో చూడవచ్చు. గొలుసు పట్టి కొలిపించవచ్చు. ఊళ్లో నలుగురూ కూచుని తేల్చనూ వచ్చు. కంటికి కనపడని గట్టు మరొకటి ఉంది. దానికి హద్దురాయి లేదు. మీరు నాటిన విత్తనం మీదా, కొన్న పనిముట్టు మీదా, వేయించుకున్న బావి మీదా కూడా అది పడవచ్చు. "ఇది మా హక్కు. మా అనుమతి లేకుండా వాడుకున్నారు. ఇంత సొమ్ము కట్టండి, లేదా దావా వేస్తాం" అని ఒకనాడు టపాలో నోటీసు రావచ్చు.

అటువంటి హక్కుల్లో ముఖ్యమైనది పేటెంటు. దాని పక్కనే, విత్తనానికి సంబంధించి, వంగడం హక్కు అని మరొకటి ఉంది. ఈ హక్కులు ఏమిటి? వీటి పేరుతో బెదిరింపు దావాలు ఎలా పుడతాయి? చట్టాన్ని ఏ విధంగా సవరిస్తే అవి తగ్గుతాయి? మన చట్టంలో ఏమున్నది, ఏమి కొరవడింది? ఈ సంగతులు ఇప్పుడు చెప్పుకుందాం.

ముందు పేటెంటు అంటే ఏమిటో చూద్దాం. కొత్త వస్తువునో, కొత్త పద్ధతినో కనిపెట్టిన మనిషికి ప్రభుత్వం కొంతకాలం పాటు ఇచ్చే ప్రత్యేక హక్కు పేటెంటు. మన దేశంలో ఇప్పుడు దాని గడువు దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి 20 సంవత్సరాలు. ఆ కాలంలో ఆయన అనుమతి లేకుండా ఆ వస్తువును మరొకరు తయారుచేయకూడదు, అమ్మకూడదు, వాడకూడదు. దానికి బదులుగా ఆయన తన కిటుకు దాచుకోకుండా కాగితం మీద పూర్తిగా రాసి లోకానికి తెలియజెప్పాలి. గడువు తీరాక అది అందరిదీ. ఇచ్చి పుచ్చుకునే బేరం అన్నమాట.

ఈ ఏర్పాటు మంచిదే. మన పక్క ఊరి వడ్రంగి ఒకాయన కలుపు తీసే కొత్త పరికరం ఒకటి తయారుచేశాడనుకోండి. ఏళ్ల తరబడి కష్టపడ్డాడు, ఇంట్లో నగలు తాకట్టు పెట్టాడు. పట్నంలో ఒక పెద్ద కార్ఖానావారు దాన్ని చూసి, అచ్చం అలాంటివే వేలకొద్దీ చేసి అమ్ముకుంటే ఆయన గతి ఏమిటి? అటువంటివాడికి పేటెంటు ఒక కంచె. కంచె తప్పని ఎవరూ అనరు. అయితే కంచె తన చేను దాటి దారికి అడ్డం వేసి, వచ్చే పోయే బండినల్లా ఆపి సుంకం అడిగితే అది వేరే సంగతి. మనం మాట్లాడుకునేది ఈ రెండో రకం గురించి.

ఇందుకు ఒక పాత ఉదాహరణ చెబుతాను. ఇది మన దేశంలోది కాదు, అమెరికాలోది. అయినా రైతు సంగతి, బావి సంగతి. కనుక మనకు సులువుగానే బోధపడుతుంది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. న్యూయార్కు రాష్ట్రంలో కోర్ట్‌లాండ్ అనే ఊళ్లో నెల్సన్ గ్రీన్ అనే ఆయన సైనికులకు నీళ్లు తొందరగా దొరికే ఉపాయం ఆలోచించాడు. బావి తవ్వే పని లేకుండా, కొన వాడిగా ఉండి, కొనకు కాస్త పైన చిల్లులున్న ఒక ఇనప గొట్టాన్ని నేలలోకి సమ్మెటతో దిగగొట్టాడు. గొట్టం చుట్టూ మట్టి బిగుసుకొని ఉంటుంది గనుక, పైన పంపు బిగించి కొడితే గాలి చొరబడకుండా నీరే లాగుకొస్తుంది. నీరు పైపైనే ఉండే మెత్తని నేలల్లో ఇది బ్రహ్మాండంగా పనిచేసింది. తవ్వకపు కూలి లేదు, రాతికట్టు లేదు. ఒక గొట్టం, ఒక పంపు, ఇద్దరు మనుషులు ఉంటే చాలు. చూసినవాళ్లు చూసినట్టు నేర్చుకున్నారు. ఊరి నుంచి ఊరికి, రాష్ట్రం నుంచి రాష్ట్రానికి ఆ బావి పాకిపోయింది.

గ్రీన్ మాత్రం 1866 దాకా పేటెంటుకు దరఖాస్తు పెట్టలేదు. 1868 జనవరిలో పేటెంటు వచ్చింది. అప్పటికే ఎందరో రైతుల పెరళ్లలో ఆ బావులు ఉన్నాయి. పేటెంటు హక్కుదారుల తరఫు మనుషులు పల్లెలమీద పడ్డారు. బావి ఒక్కింటికి పది డాలర్ల చొప్పున రుసుము అడిగారు. కట్టకపోతే ఫెడరల్ కోర్టులో దావా. రైతు ఏమంటాడు? "అయ్యా, ఈ గొట్టం నేను కనిపెట్టలేదు, తయారుచేయలేదు, అమ్మలేదు. బజారులో కొని దిగగొట్టుకున్నాను" అంటాడు. కాని చట్టం తయారుచేయడమే కాదు, వాడడం కూడా తప్పేనన్నది. కనుక గొట్టం అమ్మిన కొట్టును వదిలి, నీళ్లు తోడుకునే రైతును పట్టుకున్నా చెల్లుతుంది.

ఇక్కడ లెక్క చూడండి. అసలు విషయమంతా ఈ లెక్కలోనే ఉన్నది. అడిగింది పది డాలర్లు. పోట్లాడాలంటే ప్లీడరును పెట్టుకోవాలి, దూరాన ఉన్న కోర్టుకు తిరగాలి, సాక్షులను తీసుకుపోవాలి. పదికి ఎన్నో రెట్లు ఖర్చు. గెలిచినా ఆ ఖర్చు తిరిగి రాదు. ఇక రైతు తన పక్షాన న్యాయం ఉందా లేదా అని ఆలోచించడు. పది డాలర్లు పారేస్తే పీడ పోతుందని ఆలోచిస్తాడు. అలా కట్టినవాళ్లు కట్టారు. కొందరు మాత్రం నలుగురూ కలిసి చందాలు వేసుకొని పోట్లాడారు.

పేటెంటు గడువు 17 సంవత్సరాలు 1885లో తీరిపోయింది. వ్యాజ్యాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. 1887 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు ఒక దావాలో ఆ పేటెంటు చెల్లుతుందని చెప్పింది. అదే సంవత్సరం నవంబరులో, అయోవా రాష్ట్రం నుంచి వచ్చిన మరో దావాలో, అది చెల్లదని చెప్పింది. కారణం ఏమంటే, దరఖాస్తు పెట్టడానికి రెండేళ్లకు పైగా ముందే జనం ఆ బావిని బాహాటంగా వాడుతూ ఉన్నారు. అలా నలుగురి వాడకంలో పడిన దాని మీద తరువాత వచ్చి హక్కు అడగటానికి అప్పటి చట్టం ఒప్పదు. పునర్విచారణ కోరితే 1888 జనవరిలో కోర్టు కాదని, అదే మాట ఖాయం చేసింది.

అంటే ఏమైంది? చెల్లని హక్కు పేరు మీద, గడువు సాంతం రుసుము వసూలైంది. చెల్లదన్న తీర్పు గడువు తీరిన తరువాత వచ్చింది. "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడట" అని మన పెద్దలు ఊరికే అనలేదు.

అలాగని ఆనాటి ప్రతి పేటెంటూ ఇలాంటిదే అనుకోకూడదు. ఆ రోజుల్లోనే ముళ్లకంచె తీగ మీద కూడా పెద్ద వ్యాజ్యాలు జరిగాయి. ఇల్లినాయి రాష్ట్రపు రైతు జోసెఫ్ గ్లిడెన్ 1874లో పొందిన తీగ పేటెంటును సుప్రీంకోర్టు 1892లో చెల్లుతుందనే తేల్చింది. కాబట్టి పేటెంటు అనగానే దొంగదని కాదు. మంచిదో చెడ్డదో తేలకముందే భయం మీద డబ్బు వసూలు చేసే వీలు చట్టంలో ఉండటమే చిక్కు.

వాడకందారును కాపాడాలని 1880 ప్రాంతాల్లో అమెరికా కాంగ్రెసులో బిల్లులు వచ్చాయి. ఏమీ తెలియక బజారులో కొనుక్కున్నవాడి మీద దావా వేయకూడదని వాటి సారాంశం. అవి చట్టాలు కాలేదు. దాని ఫలితం నూరేళ్లు దాటాక కూడా కనపడింది. 2012, 2013 ప్రాంతాల్లో అక్కడి చిన్న చిన్న ఆఫీసులకు వేలకొద్దీ ఉత్తరాలు పోయాయి. "మీరు కాగితాన్ని యంత్రంలో పెట్టి బొమ్మ తీసి ఈమెయిలులో పంపుతున్నారు గదా, ఆ పద్ధతి మీద మాకు పేటెంటు ఉంది. మీ దగ్గర పనిచేసే మనిషి ఒక్కింటికి సుమారు వెయ్యి డాలర్లు కట్టండి" అని ఆ ఉత్తరాల సారాంశం. యంత్రం చేసిన కంపెనీని అడగలేదు. యంత్రం కొనుక్కున్న వాడిని అడిగారు. గొట్టపు బావి కథే మళ్లీ వచ్చిందన్నమాట. తాము ఏ వస్తువూ తయారుచేయకుండా, పేటెంట్లు పోగుచేసుకొని దావాల మీద బతికే ఇటువంటి సంస్థలకు అక్కడివారు పెట్టిన పేరు 'పేటెంటు ట్రోల్'. ట్రోల్ అంటే ఐరోపా జానపద కథల్లో వంతెన కింద దాగి, దాటేవాళ్లను అడ్డగించే భూతం.

ఈ భూతానికి అక్కడ వేసిన మందులు కొన్ని ఉన్నాయి. అవి తెలుసుకుంటే మన చట్టంలో ఏం కావాలో అర్థమవుతుంది.

మొదటిది నిషేధాజ్ఞ సంగతి. పూర్వం పేటెంటు ఉల్లంఘన రుజువైతే చాలు, ఆ వస్తువు వాడకం ఆపేయాలని కోర్టు దాదాపు ఆనవాయితీగా ఉత్తర్వు ఇచ్చేది. ఆ భయంతోనే ప్రతివాదులు లొంగిపోయేవారు. 2006లో సుప్రీంకోర్టు, అలా ఆనవాయితీగా ఇవ్వకూడదు, ఇరుపక్షాల కష్టనష్టాలూ ప్రజల మేలూ తూచి ఇవ్వాలి అని చెప్పింది.

రెండవది, తప్పుడు పేటెంటును చవకగా ప్రశ్నించే వీలు. 2011లో వచ్చిన చట్టం ప్రకారం, కోర్టుకు ఎక్కకుండా పేటెంటు కార్యాలయంలోనే, నిపుణుల ముందే, "ఇది కొత్త సంగతి కాదు, పాతదే" అని రుజువు చేయవచ్చు. అదే చట్టం ఒకే దావాలో సంబంధం లేని పాతికమందిని కట్టగట్టి ఇరికించడాన్ని కూడా కట్టడి చేసింది.

మూడవది ఖర్చులు. అమెరికాలో ఎవరి ప్లీడరు ఫీజు వారే పెట్టుకోవటం ఆచారం. పేటెంటు దావాల్లో అసాధారణమైన సందర్భాల్లో ఓడినవారి చేత గెలిచినవారి ఫీజు కట్టించవచ్చు. ఆ 'అసాధారణం' అన్న మాటకు పూర్వం మరీ బిగువైన అర్థం చెప్పేవారు. 2014లో సుప్రీంకోర్టు ఆ బిగువు సడలించింది. పస లేని దావా వేసినా, దావాను అడ్డగోలుగా నడిపినా ఖర్చులు మీద పడే భయం అప్పటినుంచి పెరిగింది.

నాలుగవది చోటు. వాదులు తమకు అనుకూలమని పేరుపడిన టెక్సాసు తూర్పు జిల్లా కోర్టుకే దావాలన్నీ పట్టుకుపోయేవారు. 2017 తీర్పుతో ప్రతివాది సంస్థ పుట్టి నమోదైన రాష్ట్రంలో గాని, ఉల్లంఘన జరిగి దానికి స్థిరమైన వ్యాపారస్థలం ఉన్నచోట గాని వేయవలసి వచ్చింది.

అయిదవది మనకు ముఖ్యమైనది. అదే ఉత్తరం సంగతి. 2013లో వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం ఒక చట్టం చేసింది. బెదిరింపు ఉత్తరంలో పేటెంటు నంబరు లేకపోయినా, మీరు చేసిన తప్పు ఫలానాదని వివరం లేకపోయినా, ఊపిరి సలపని గడువు పెట్టి సొమ్ము అడిగినా, అది దురుద్దేశానికి గుర్తు కావచ్చునన్నది. అటువంటి ఉత్తరం అందుకున్నవాడు తిరిగి దావా వేయవచ్చు. పంపినవారిచేత కోర్టు రెండున్నర లక్షల డాలర్ల వరకు పూచీ కట్టించవచ్చు. చాలా రాష్ట్రాలు ఈ దారిలో చట్టాలు చేసుకున్నాయి. దేశం మొత్తానికి ఇటువంటి సంస్కరణల బిల్లు 2013 డిసెంబరులో దిగువ సభలో నెగ్గింది గాని, 2014లో ఎగువ సభలో ఆగిపోయింది.

ఈ మందులన్నిటిలోనూ సారం ఒకటే. బెదిరించేవాడికి బెదిరింపు ఊరికే రాకూడదు. అడగటానికి టపా ఖర్చు, కాదనటానికి లక్షల ఖర్చు అయినంతకాలం బెదిరింపులు ఆగవు. ఆ తూకం సరిచేయటమే సంస్కరణ.

ఇక మన ఇంటికి వద్దాం. స్వాతంత్ర్యం వచ్చాక మన పేటెంటు చట్టాన్ని తిరగరాయటానికి జస్టిస్ రాజగోపాల అయ్యంగారు 1959లో నివేదిక ఇచ్చారు. దాని పునాది మీద 1970 చట్టం వచ్చింది. ఇందులో రైతుకు పనికివచ్చే సెక్షన్లు కొన్ని ఉన్నాయి.

మూడవ సెక్షను ప్రకారం వ్యవసాయ పద్ధతికి గాని, తోటల పెంపకపు పద్ధతికి గాని పేటెంటు లేదు. మొక్కలకు, విత్తనాలకు, వంగడాలకు కూడా లేదు. తరతరాలుగా మనకు తెలిసిన విద్యకూ లేదు. మన పసుపు గాయాలు మాన్పుతుందన్న సంగతి మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్రీయ పరిశోధనా మండలి పాత ఆధారాలు చూపి పోట్లాడితే 1997లో దాన్ని రద్దు చేశారు. గొట్టపు బావి పేటెంటును కొట్టేసిందీ ఇటువంటి న్యాయమే. ముందే నలుగురికీ తెలిసినది కొత్తది కాదు.

పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా సరే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చునని 25వ సెక్షను చెబుతుంది. ఇచ్చిన తరువాత కూడా, ప్రకటన వెలువడిన ఏడాది లోపల, అందులో సంబంధం ఉన్నవారు అభ్యంతరం పెట్టవచ్చు. పేటెంటు ఉన్నదని తెలియదనీ, తెలుసుకునే తగిన ఆధారం కూడా లేదనీ రుజువు చేసుకున్నవాడి మీద నష్టపరిహారం వేయకూడదని 111వ సెక్షను చెబుతుంది. వస్తువు మీద నంబరు లేకుండా ఒట్టి 'పేటెంటు' అన్న మాట అచ్చువేసి, "అదుగో రాశాం గదా, నీకు తెలిసే ఉంటుంది" అంటే చాలదు. అయితే ఇకముందు వాడవద్దని కోర్టు ఆజ్ఞ ఇవ్వవచ్చు, అది గుర్తుంచుకోవాలి.

అన్నిటికన్నా విలువైనది 106వ సెక్షను. పేటెంటు పేరు చెప్పి ఎవరైనా ఆధారం లేకుండా మిమ్మల్ని దావాతో బెదిరిస్తే, ఉత్తరం ద్వారా కానివ్వండి, ప్రకటన ద్వారా కానివ్వండి, నోటిమాటగా కానివ్వండి, మీరే ముందుగా వారి మీద దావా వేయవచ్చు. "ఈ బెదిరింపు అన్యాయం" అని కోర్టుచేత చెప్పించవచ్చు, ఆపించవచ్చు, నష్టపరిహారం కూడా అడగవచ్చు. అప్పుడు ఉల్లంఘన జరిగిందని రుజువు చేయవలసిన భారం బెదిరించినవారి మీద పడుతుంది. మీకు వస్తువు అమ్మిన దుకాణదారును బెదిరించినా ఇదే మందు. ఇది ఇంగ్లండులో 1883 చట్టంలో పుట్టిన న్యాయం. 1911 నాటి మన పాత చట్టంలోనూ ఉన్నది. "ఫలానా పేటెంటు ఉన్నది" అని తెలియజేసినంత మాత్రాన మాత్రం అది బెదిరింపు కాదు.

"మరింకేం, మనకు మందు ఉన్నట్టే గదా?" అని మీరనవచ్చు. ఉన్నది. అయితే అది పేటెంటుకు. విత్తనం హక్కులు వేరే చట్టంలో ఉన్నాయి. అది మొక్కల వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001. కొత్త వంగడం తయారుచేసినవారు ఈ చట్టం కింద దాన్ని రిజిస్టరు చేయించుకుంటే కొంతకాలం హక్కు వస్తుంది. రైతు మీద దావా పడితే ఎక్కువగా పడేది ఈ చట్టం కిందనే. ఈ చట్టంలో 106 వంటి సెక్షను లేదు. ఆ లోటు ఎంత పెద్దదో గుజరాతు బంగాళాదుంప రైతుల వ్యవహారం చూస్తే తెలుస్తుంది.

చిప్స్ వేయించటానికి పనికివచ్చే ఎఫ్.ఎల్. 2027 అనే బంగాళాదుంప వంగడం ఉంది. దాన్ని పెప్సికో కంపెనీ 2016లో మన దేశంలో రిజిస్టరు చేయించుకుంది. ఒప్పందం చేసుకున్న రైతులచేత పండించి, పంటను తానే కొంటుంది. 2019 ఏప్రిల్‌లో ఆ కంపెనీ అహమ్మదాబాదు వాణిజ్య కోర్టులో సాబర్‌కాంఠా జిల్లా రైతులు నలుగురి మీద దావాలు వేసింది. తమ ఒప్పందంలో లేని రైతులు తమ వంగడం పండిస్తున్నారని ఆరోపణ. ఒక్కొక్కరిని అడిగిన సొమ్ము 1 కోటి 5 లక్షల రూపాయలు. అంతకుముందు ఆరవల్లి జిల్లాలోనూ కొందరి మీద దావాలు పడ్డాయి. దుంపలు పండించవద్దు, అమ్మవద్దు అని కోర్టు తాత్కాలిక ఆజ్ఞ ఇచ్చింది. రైతులు తమ ఒప్పందంలో చేరితే, లేదా ఇక పండించమని రాసి ఇస్తే, రాజీకి సిద్ధమని కంపెనీ చెప్పింది.

ఇప్పుడు చట్టం ఏమంటున్నదో చూడండి. 39వ సెక్షను ప్రకారం, రక్షణ పొందిన వంగడమైనా సరే, రైతు తన పంటను, అందులోని విత్తనాన్ని దాచుకోవచ్చు, వాడుకోవచ్చు, విత్తుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఈ చట్టం రాకముందు ఏ తీరున చేసుకునేవాడో ఆ తీరునే చేసుకోవచ్చు. ఒక్కటే కట్టడి. పొట్లం కట్టి, రక్షిత వంగడం పేరు చీటీ అంటించి, బ్రాండు విత్తనంగా మాత్రం అమ్మకూడదు. 42వ సెక్షను ప్రకారం, అటువంటి హక్కు ఒకటి ఉన్నదని తెలియని రైతు చేసిన పని ఉల్లంఘన కిందికే రాదు. ఇంత స్పష్టంగా ఉన్నా కోటి రూపాయల దావా పడింది. తన పక్షాన చట్టం ఉన్నదని రైతు కోర్టుకు వెళ్లి నిరూపించుకోవాలి. అప్పటిదాకా పంట మాట ఏమిటి? అప్పు మాట ఏమిటి?

దేశమంతటా అలజడి లేచింది. రైతు సంఘాలు కదిలాయి. ప్రభుత్వంతో మాటలు జరిగిన మీదట 2019 మే నెలలో కంపెనీ దావాలు ఎత్తివేసుకున్నది. మన తెలుగు ఆడపడుచు, రైతు హక్కుల కార్యకర్త కవిత కురుగంటి ఆ వంగడపు రిజిస్ట్రేషన్నే రద్దు చేయాలని అర్జీ పెట్టారు. 2021 డిసెంబరులో ప్రాధికార సంస్థ దాన్ని రద్దు చేసింది. 2023 జులైలో ఢిల్లీ హైకోర్టులో ఏక న్యాయమూర్తి ఆ రద్దును సమర్థించారు. 2024 జనవరిలో అదే హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం కంపెనీ అప్పీలును అంగీకరించి, రద్దును కొట్టివేసింది.

ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. హైకోర్టులో నడిచింది రిజిస్ట్రేషను సంగతి. రైతు చేసింది 39వ సెక్షను కింద సబబా కాదా అన్న ప్రశ్న దావాల్లో తేలవలసింది. దావాలు వేసినవారే ఎత్తివేసుకున్నారు గనుక అది ఆ దావాల్లో తేలలేదు. ఇదీ బెదిరింపు దావా తీరు. పట్టు దొరికితే పిండుకోవచ్చు, దొరక్కపోతే లేచిపోవచ్చు. దావా ఎత్తివేసుకున్న వాది మీద కోర్టు ఖర్చులు వేయవచ్చు. అయితే వేసి తీరాలన్న నియమం లేదు.

కనుక సంస్కరణ ఏ విధంగా ఉండాలి? పేటెంటు చట్టంలోని 106వ సెక్షను వంటి దాన్ని వంగడాల చట్టంలో కూడా చేర్చాలి. ఆధారం లేకుండా రైతును బెదిరించినవాడు జవాబు చెప్పుకోవాలి. ఇది మొదటి పని. రైతుకు ఇచ్చే నోటీసులో రిజిస్టరు నంబరు, ఏ పొలంలో ఏ వంగడం, దానికి ఆధారం ఏమిటి, 39, 42 సెక్షన్ల కింద రైతుకున్న హక్కులేమిటి, ఇవన్నీ రైతు చదవగలిగే భాషలో ఉండాలి. రైతు మాట వినకుండా ఏకపక్షంగా పంట మీద ఆజ్ఞ ఇవ్వకూడదు. దావా ఎత్తివేసుకుంటే రైతు పెట్టుకున్న ఖర్చు వాది తప్పనిసరిగా ఇచ్చుకోవాలి. లక్షలు, కోట్లు అడిగేవారు ముందుగా కోర్టులో కొంత పూచీ కట్టాలి.

దీనికి ఎదురుమాట లేకపోలేదు. ఖర్చులు, పూచీలు మరీ బరువు చేస్తే, మన వడ్రంగి వంటి పేద ఆవిష్కర్త పెద్ద కంపెనీ మీద దావా వేయలేడు. కంచె తీసేస్తే చేను మేసేది పశువులే గదా! అందుచేత బరువు అందరి మీదా ఒకే తీరున వేయకూడదు. తయారీదారు మీద, పోటీ వ్యాపారి మీద దావా వేస్తే ఒక లెక్క. సొంత చేలో విత్తుకున్న రైతు మీద, బజారులో కొనుక్కున్న వాడకందారు మీద వేస్తే ఇంకొక లెక్క. పూచీ, తప్పనిసరి ఖర్చులు ఈ రెండో రకానికి పెడితే పేద ఆవిష్కర్తకు చెరుపు లేదు.

చట్టం మారే లోపల మనం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. నోటీసు వస్తే చింపి పారేయవద్దు. గడువు దాటనీయవద్దు. భయపడి సంతకమూ చేయవద్దు. రాజీ కాగితం మీద పెట్టిన సంతకం, చట్టం ఇచ్చిన హక్కును వదులుకున్నట్టు కావచ్చు. ఏ హక్కు, ఏ నంబరు అని రాతపూర్వకంగా అడగండి. పేటెంటుకు ఏటేటా రుసుము కట్టకపోతే అది పడిపోతుంది. కనుక ఇంకా బతికి ఉన్నదో లేదో పేటెంటు కార్యాలయపు రికార్డులో, చదువుకున్న పిల్లలచేత ఇంటర్నెట్టులో చూపించండి. ఖర్చు లేదు. విత్తనం కొన్న రశీదు, సంచి మీది చీటీ, పనిముట్టు బిల్లు జాగ్రత్తగా దాచండి. కంపెనీతో పంట ఒప్పందం చేసుకునేటప్పుడు విత్తనం గురించి ఏం రాశారో చదివించుకొని గాని వేలిముద్ర వేయవద్దు. ఇరుగుపొరుగుకు విత్తనం ఇచ్చినా, అమ్మినా, పొట్లం మీద వంగడం పేరు అచ్చువేసి మాత్రం అమ్మవద్దు.

ప్లీడరు ఖర్చు భరించలేమని వెనుదీయనక్కరలేదు. 1987 చట్టం కింద జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, ఆదాయం తక్కువ ఉన్నవారికి ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తాయి. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. ఒక్కరికి వచ్చిన నోటీసు ఊరందరికీ చూపించండి. ఒక్కరికే వచ్చిందో, పదిమందికి వచ్చిందో తెలిస్తే సగం భయం పోతుంది. అమెరికాలో బావి రైతులు నిలిచింది చందాలు వేసుకొని. గుజరాతు రైతులు నిలిచింది వెనుక సంఘాలు ఉండబట్టి.

కనిపెట్టినవాడి కష్టానికి ఫలం ఉండాలి. పండించినవాడి కష్టానికీ ఉండాలి. ఈ రెంటి మధ్య గట్టు ఎక్కడుందో చట్టం స్పష్టంగా చెప్పాలి. లేని గట్టు చూపి బెదిరించినవాడు మాత్రం ఆ ఖర్చు తానే మోయాలి.